నలభై ఒక్క ఇళ్లకు తొమ్మిది కిలోమీటర్లు

ఇల్లందు బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన ఆంథోనికి ఇంట్లో కుదురుగా కూర్చోవడం చేతకాదు. మూడు నెలల్లో ఇంట్లోని ఫ్యాన్లన్నీ విప్పేశాడు. ఒకటి మళ్లీ బిగించలేకపోయేసరికి భార్య విశ్రాంతమ్మే సారంగపాణి నడిపే కేబుల్ ఆఫీసుకు పోయి మొగుడికి పని అడిగి పెట్టింది.

ఆ పని మీదే, ఆ ఆఫీసు ద్వారా కనెక్షన్లిచ్చే ఇంటర్నెట్ కంపెనీ ఇంజనీరు ప్రేమ్‌సాగర్ వెంట అడవిలోని వాగొడ్డుగూడేనికి వెళ్లాడు. ఇంటర్నెట్ కోసం మూడేళ్లుగా అర్జీలు పెడుతున్న గూడెం అది. ప్రేమ్‌సాగర్ బండి దిగకుండానే ఇళ్లు లెక్కపెట్టాడు. నలభై ఒకటి.

"టౌన్ల ఒక్క గల్లీలనే గిన్ని ఇండ్లుంటయి, రెండు స్తంభాలతోని అయిపోతది. ఈడ తొమ్మిది కిలోమీటర్ల వైరు గుంజాలె. అడివిల తవ్వనియ్యరు. కంపెనీకి గిట్టదు."

"మరి అందరికీ ఇంటర్నెట్ అని బండి మీద ఎందుకు రాసిన్రు సార్?" అంది అంగన్‌వాడీ టీచర్ నాంచారమ్మ. పిల్లల హాజరు ఫొటో పంపడానికి సిగ్నల్ కోసం ఆమె రోజూ నీళ్ల ట్యాంకు ఎక్కుతుంది.

"అందరంటే టౌన్ల అందరు," అన్నాడు ఆంథోని. ప్రేమ్‌సాగర్ బండి వెనక్కి తిప్పాడు.

చీర కొంగు దోపుకొని ట్యాంకు నిచ్చెన ఎక్కే ఆ యాభై ఏళ్ల మనిషిని తలుచుకుంటే ఆ రాత్రి ఇంట్లో ఆంథోనికి అన్నం సయించలేదు.

"కరెంటు స్తంభాలున్నయి గదా. వాటికే వైరు కడితే తవ్వుడెందుకు?" అన్నాడు భార్యతో.

"పాస్టరు గారు ఆ ఊరి కోసం ప్రార్థన చేస్తుండు గదా," అంది విశ్రాంతమ్మ.

"దేవునికి టవర్ లేకున్నా వినపడతది. కంపెనీకి వినపడదు."

అనుమతి కోసం కరెంటు ఆఫీసుకూ, ఫారెస్టు ఆఫీసుకూ కలిపి పదకొండు సార్లు తిరిగాడు. గుంత తవ్వొద్దు, కొమ్మ కొట్టొద్దు అన్న షరతుతో కాగితం చేతికొచ్చింది. సారంగపాణి మిగిలిన వైరు చుట్టలిచ్చి, "మునిగితే నీ పేరే చెప్త," అన్నాడు. గూడెంవాళ్లు నిచ్చెనలు మోశారు. పంతొమ్మిది రోజుల్లో వైరు చేరింది. ఇరవయ్యో రోజు కోతులు రెండు చోట్ల కొరికేశాయి.

అతుకు వేసిన ప్రతిసారీ ఇంకో చోట తెగేది. "షిఫ్టులు పెట్టుకొని కొరుకుతున్నయి," అన్నాడు ఆంథోని, గనిలో పనిచేసిన మనిషి కనుక కాస్త గౌరవంగానే. చివరికి మేకలు కాసేవాళ్లు, కట్టెలకు పోయేవాళ్లు వైరు పోయే దారిని కాపలాకు తలా కొంత పంచుకున్నారు. ఎక్కడ తెగినా గంటలో కబురొస్తుంది.

నాంచారమ్మ ఇప్పుడు కుర్చీలో కూర్చునే హాజరు పంపుతోంది. ఫొటో పోయేలోపు టీ తాగొచ్చు, అంత నెమ్మది.

మొన్న వాగవతలి గూడెం నుంచి లాల్‌సింగ్ వచ్చి, మాది పదిహేడిండ్లే అని నసిగాడు. ఆంథోని ఇళ్ల సంగతి వదిలేసి, అటు స్తంభాలు ఎక్కడిదాకా ఉన్నాయని అడిగాడు. విశ్రాంతమ్మ సద్ది కట్టడానికి లేచింది.