పొగగొట్టానికి వంద పాయింట్లు

సొంతంగా ఒక కంప్యూటర్ గేమ్ తయారు చేస్తున్నానని ఇక్కడ చాలాసార్లు చెప్పాను. విమానం నడుపుతూ శత్రువుల స్థావరాలు పేల్చేసే గేమ్. బొమ్మలు గీయడం నాకు సరిగ్గా రాదు. అందుకని మా రామచంద్రపురంలో మూతబడిన రైస్ మిల్లుకు ఫోటోలు తీసి, దాన్నే శత్రువు స్థావరంగా పెట్టేశాను. పొగగొట్టం కూలిస్తే వంద పాయింట్లు.

ఈ రోజు సాయంత్రం పక్కింటి సత్యం గారు పేపరు కోసం వచ్చి, నా వెనక నిలబడి కాసేపు చూశారు. ఆయన ఆ మిల్లులోనే బాయిలర్ దగ్గర ముప్పై ఏళ్లు పనిచేశారు.

"ఇది మన మిల్లే కదండి" అన్నారు. ముఖం వెలిగిపోయింది.

అవునన్నాను. అంతలోనే నా విమానం వదిలిన బాంబు తగిలి పొగగొట్టం కూలింది.

"ఎందుకండి అలా కొట్టేశారు?"

"అందులో శత్రువులుంటారండి."

ఆయన కొంచెం ఆలోచించి, "అందులో ఉన్నది మేమే కదండి" అన్నారు. కోపంగా కాదు, తెలియక పొరపాటు పడ్డవాడికి చెప్పినట్టు, మెల్లగా.

పేపరు మర్చిపోయి వెళ్లిపోయారు. నేనే తీసుకెళ్లి ఇచ్చి వచ్చాను.

అప్పటి నుంచి మిల్లు తీసేసి వేరే కట్టడం పెడదామని చూస్తున్నాను. ఏ ఫోటో తెరిచినా అందులో ఎవరో ఒకరు గుర్తొస్తున్నారు. మీ ఊళ్లో ఎవరూ పనిచేయని, ఎవరూ కాపురం ఉండని కట్టడం ఏదైనా ఉంటే ఫోటో పంపండి. పేల్చుకోవాలి.