హాజరు పట్టీ నిండా ఈరన్నలే

నా పేరేమిటో నాకు ముప్పై ఆరో ఏట తెలిసింది. అదీ రిజిస్టరు పోస్టులో, టైపు కొట్టిన కాగితం మీద, కింద గుండ్రటి సీలుతో! ఇప్పుడు నెలనెలా ఆ పేరుతోనే సంతకం పెడతాండాను. నవ్వకండప్పా. టీ చల్లారేలోపల చెప్పేస్తాను, ఆ తర్వాత ఎంతైనా నవ్వుకోండి.

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి వచ్చే బస్సులో కండక్టరుతో జగడమాడితే తప్ప ఆపని స్టేజీ ఒకటుంది. ఆడ దిగి మూడు మైళ్ళు నడిస్తే మా ఊరు. ఆ ఊళ్ళో నేను బడి నడుపుతాను. నేను బడిలో చదివింది ఏడో తరగతి. మిగతాదంతా సొంత చదువు. ఇంగ్లీషు మాత్రం బొరుగులు పొట్లం కట్టిచ్చే పేపర్లు చదివి నేర్చుకున్నాను. అందుకే నాకు తెలిసిన ప్రపంచ వార్తలన్నీ సగంలో చిరిగి ఉంటాయి. ఊళ్ళో నన్ను ‘ఇంగ్లీషు ఈరన్న’ అంటారు. అట్లా అనమని నేనే ఒకరిద్దరికి చెప్పినాను కూడా.

బడి మూడు చేతుల మీద నడుస్తుంది. సముద్రాలకవతల ఉండే సాయం సంస్థ ఒకటి పలకలు, పుస్తకాలు, మధ్యాహ్నం ఉప్మాకు రవ్వ పంపుతుంది. ఆదోనిలో ఉండే మా సంఘం నన్ను పంపింది. పత్తి పోసుకునే కొట్టం ఊరోళ్ళు ఖాళీ చేసిచ్చినారు. దీన్ని కాగితాల్లో ‘పార్ట్‌నర్‌షిప్’ అంటారు. కొట్టంలో మాత్రం తుమ్ములంటారు. పత్తి పోయినా దుమ్ము పోలేదు.

అట్లాంటి బడికి హైదరాబాదు నుంచి, అంటే ఆ సంస్థ ఆఫీసు నుంచి, ఒక జాబొచ్చింది. ‘మీరు పంపిన నలభై ఒక్క మంది పిల్లల పట్టికలో ఈరన్న అను పేరు పద్నాలుగుసార్లు, ఈరమ్మ అను పేరు తొమ్మిదిసార్లు కలదు. ఒకే పేరును పదేపదే వ్రాసి సంఖ్య పెంచినట్లు కనబడుచున్నది. సంజాయిషీ తెలుపవలెను. మా అధికారి స్వయముగా వచ్చి మదింపు చేసిన పిదపనే వచ్చే సంవత్సరపు సాయము నిర్ణయింపబడును.’

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది! ఏమప్పా, నేను లేని పిల్లోళ్ళకు ఉప్మా వండించుకుని తినే మనిషినా? ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కని ఇల్లు మా కాడ ఒకటి చూపించండి! బిడ్డ పుట్టాలని ఒక మొక్కు, పుట్టిన బిడ్డ నిలవాలని ఇంకో మొక్కు. నిలిచినంక పేరు పెట్టకుండా ఉంటారా? మగోడైతే ఈరన్న, ఆడపిల్లయితే ఈరమ్మ. మంత్రాలయం వైపు పోతే ఇట్లాగే వీధికి పదిమంది రాఘవేంద్రలు. మా సందులో నిలబడి ‘ఈరన్నా’ అని కేకేస్తే ఎద్దులు తప్ప అందరూ తిరిగి చూస్తారు. స్వామి చేసిన పనికి నన్ను సంజాయిషీ అడగడమేమిటి?

ఆ కోపం మీదే మూడు పేజీల జవాబు రాసినాను. ఊరి పెద్దల చేత సాక్షి సంతకాలు కూడా పెట్టించినాను. పోస్టులో వేసి, ఛాతీ విరుచుకుని ఆదోనికి పోయి, మా సంఘం సెక్రటరీ హుసేనప్పకు నకలు చూపించినాను. ఆయన చదివి తల పట్టుకున్నాడు.

“ఒరే, ఈ సంతకాలేందిరా?”

“సాక్షులన్నా. ఊరి పెద్దలు.”

“ఈరన్న. ఈరన్న. వేలిముద్ర ఈరన్న. కింద మళ్ళా నువ్వు, ఈరన్న. ఆడ చదివేటోళ్ళు ఏమనుకుంటారు? నాలుగూ నువ్వే గీకినావనుకోరా?”

నిజమే! ఆ మాట పోస్టు డబ్బాలో వేయకముందు చెప్పే మనిషి నా పక్కన లేకపాయె.

“పోనీలే,” అన్నాడు హుసేనప్ప. “వచ్చే గురువారం మదింపుకు హైదరాబాదు ఆఫీసు మేడమ్ వస్తాంది. ఉన్నది ఉన్నట్టు చూపించు. నీ తెలివి మాత్రం సంచిలోంచి బయటికి తీయొద్దు, నీకు దండం పెడతా.”

ఆ మాట విని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

నా భయం నాది. బడిలో గొంతు ఈరమ్మ అని ఒక పిల్ల ఉంది. తొమ్మిదేళ్ళది. అది ఎక్కం చదివితే ఊరవతల బావి దగ్గర వినబడుతుంది, అందుకే ఆ పేరు. సర్కారు బడి నాలుగు మైళ్ళ దూరంలో ఉంది. దాని తల్లి నా ముందరే ఖండితంగా చెప్పింది: “ఊళ్ళో బడి ఉన్నన్నాళ్ళు పంపుతా అయ్యోరా. మూతపడితే మర్నాడే పత్తి చేనికి.” అట్లా చెప్పిన తల్లి ఒక్కతే కాదు. ఈ మేడమ్ ‘దొంగ పట్టీ’ అని రాసిందంటే పలకలు పోతాయి, రవ్వ పోతుంది, గొంతు ఈరమ్మ మూడో తరగతి దగ్గరే ఆగిపోతుంది.

ఇంటికొచ్చి ఆలోచించినాను. నేను ఆలోచించిన ప్రతిసారీ ఏదో ఒకటి జరుగుతుంది. పేర్లే కదా తంటా? మార్చేస్తే పోయె! కొత్త హాజరు పట్టీ కొన్నాను. మూలన దాచుకున్న పొట్లాల కాగితాలన్నీ ముందేసుకుని, వాటిల్లో పరీక్ష పాసైనోళ్ళ పేర్లు, పెళ్ళైనోళ్ళ పేర్లు వెతికి ఇరవై మూడు ఏరినాను. సురేశ్, రమేశ్, దినేశ్, ప్రకాశ్... ఆడపిల్లలకు సుజాత, సునీత, అనిత. అబ్బ, పట్టీ ఎంత అందంగా ఉందో! హైదరాబాదు బడి మాదిరి!

మర్నాడు పేర్లు పంచినాను.

“ఇదో, ఈ పొద్దు నుంచి నువ్వు సురేశ్. నీ పేరేంది?”

“ఈరన్న.”

“కాదురా! సురేశ్!”

“అది నువ్వు పెట్టింది అయ్యోరా. నా పేరు ఈరన్న.”

నాలుగు దినాలు ఇదే పాఠం. ఎక్కాలు బంద్, పద్యాలు బంద్. రెండో దినం ఒక తల్లి కొంగు బిగించుకుని వచ్చింది. “స్వామికి మొక్కి పెట్టిన పేరు తీసేదానికి నువ్వెవరయ్యా? బిడ్డకు జరమొస్తే నువ్వు చూస్తావా?” “మేడమ్ జీపెక్కినంక మళ్ళా ఈరన్నేనమ్మా,” అని ఆమె కాళ్ళకు మొక్కినంత పని చేసినాను. మూడో దినం ఇంకో ఘోరం. పిల్లోళ్ళు పేర్లు మారకం వేసుకున్నారు! దినేశ్ అనే పేరు బాగుందని ఇద్దరికి మోజు. ఒకడు దాన్ని ఐదు చింతకాయలకు కొన్నాడు. అమ్మినోడు చింతకాయలు తిని, పేరు కూడా తన దగ్గరే పెట్టుకున్నాడు.

గురువారం రానే వచ్చింది. శ్రావణమాసం, ఈరన్న స్వామి ఉత్సవాల కాలం. రోడ్డు పొడుగునా ఉరుకుందకు పోయే బండ్లు, బస్సులు, జనం. వాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుంటూ జీపొచ్చింది. మేడమ్ దిగింది. కళ్ళద్దాలు, చేతిలో అట్ట, అట్ట మీద ఇంత లావు ఫారం. మొదటి ప్రశ్న ఊరోళ్ళకు. ముందు కూర్చున్నాడు పెద్దీరన్న తాత. నా జాబు మీద వేలిముద్ర ఈయనదే.

“తాతగారూ, ఈ బడి పార్ట్‌నర్‌షిప్‌లో మీరు కూడా ఉన్నారు కదా?”

తాత ఉలిక్కిపడినాడు. “పార్ట్‌నర్‌షిప్పా! వద్దు తల్లీ. ఆదోనిలో ఒకనితో పత్తి యాపారం పార్ట్‌నర్‌షిప్ చేసినా. వాడు పత్తి అమ్ముకున్యాడు. నేను కోర్టుకు తిరిగినా.”

మేడమ్ నవ్వు ఆపుకుంది. “అది కాదు తాతగారూ. ఈ బడికి ఎవరేమిచ్చారు? అది చెప్పండి చాలు.”

“పలకలు మీరిచ్చినారు. అయ్యోరిని సంఘమోళ్ళు ఇచ్చినారు. పిల్లోళ్ళని మేమిచ్చినాం. ఎవురి వంతు ఎక్కువో నువ్వే సెప్పు తల్లీ!”

మేడమ్ పెన్ను ఆగిపోయింది. ఆ మాట అట్లాగే రాసుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక మనం గెలిచినట్టే అనుకున్నాను. అప్పుడడిగింది.

“ఏదీ, మేష్టారూ, హాజరు పట్టీ ఇలా ఇవ్వండి. నేనే పిలుస్తాను.”

నరసింహులు, లక్ష్మి, రాఘవేంద్ర, హనుమంతు... ఈరన్నలు కాని పద్దెనిమిది మందీ ‘ప్రెజెంట్!’ అంటూ టపటపా లేచినారు. తర్వాత నా అందమైన పేజీ వచ్చింది.

“సురేశ్.”

చప్పుడు లేదు.

“సురేశ్!”

నేను దగ్గినాను. కనుబొమలెగరేసినాను. గడ్డంతో చూపించినాను. వాడు వెనక్కి తిరిగి, పాపం ఆ సురేశ్ ఎవడో అని వాడు కూడా వెతుకుతాండాడు!

“ప్రకాశ్. సుజాత. అనిత.” కొట్టంలో దుమ్ము ఎగిరే చప్పుడు తప్ప ఏమీ లేదు. “దినేశ్,” అనగానే ఇద్దరు లేచినారు. “నేను కొనుక్కున్యా!” అని ఒకడు, “చింతకాయలు పుల్లగుండాయి, బేరం చెల్లదు!” అని ఇంకొకడు, జుట్లు పట్టుకున్నారు.

మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళా పెట్టుకుంది. “మేష్టారూ, మేము ఎవరి మీద అనుమానపడ్డామో ఆ ఇరవై మూడు పేర్లూ మారిపోయాయి, సరిగ్గా ఆ ఇరవై ముగ్గురే పలకడం లేదు. ఈ కూర్చున్నది మీ బడి పిల్లలేనా? ఉరుకుంద పోయే బండ్లలోంచి దించి కూర్చోబెట్టారా?”

అవమానంతో నా చెవులు కాలిపోయినాయి. అయినా నా నోరు ఊరుకుంటుందా? “వీళ్ళు సిగ్గరులు మేడమ్,” అన్నాను. “పట్నమోళ్ళను చూస్తే పేర్లు మర్చిపోతారు.” పక్కనే దినేశులిద్దరూ నేల మీద దొర్లి కొట్టుకుంటాండారు. ఆమె వాళ్ళను చూసింది. నన్ను చూసింది. పెన్ను క్యాపు తీసింది.

ఆ క్యాపు తీసిన తీరు చూసే గొంతు ఈరమ్మ లేచి నిలబడింది.

“మేడమ్! మేమందరం ఈరన్నలమే! ఈరమ్మలమే! దొంగ పేర్లని మీరు జాబు రాసినారంట. దానికని మా అయ్యోరు మాకు నిజంగానే దొంగ పేర్లు పెట్టినాడు! మీరు బడి మూస్తే మాయమ్మ నన్ను చేనికి పంపుతాది. నేను పోను!”

బావి దగ్గర నీళ్ళు తోడేవాళ్ళు కూడా విన్నారు ఆ మాట.

మేడమ్ నా వైపు చూసింది. నాకు పత్తి దుమ్ములో కలిసిపోదామనిపించింది. “అవునండీ,” అన్నాను, కాళ్ళ వంక చూసుకుంటూ.

ఆమె పెన్నుకు క్యాపు పెట్టేసింది. తర్వాత పిల్లల వైపు తిరిగి, “ఈరన్నలూ ఈరమ్మలూ అందరూ పలకలు తీయండి. మీ పేరు, మీ ఇంట్లో పిలిచే పేరు, రాసి చూపించండి,” అంది.

ఇరవై మూడు పలకలు పైకి లేచినాయి. ఇరవై మూడింటి మీదా అయితే ఈరన్న, లేకుంటే ఈరమ్మ. కానీ ఒక్క రాత ఇంకో రాత మాదిరి లేదు! ఒకడిది పలకంత పెద్ద ఈరన్న. ఒకడిది మూలన నక్కిన ఈరన్న. ఒకడి ఒత్తు జారి పలక అంచు దగ్గర పడింది. మేడమ్ ఒక్కొక్క పలక దగ్గర వంగి, ఒక్కొక్క చేతిరాత చూసింది. ఇరవై ముగ్గురు పిల్లోళ్ళని, ఇరవై ముగ్గురికీ రాయడం వచ్చని రుజువు కావడానికి అంతకంటే ఏం కావాల? ఆ పని నేను మొదటి దినమే చేయించి ఉంటే నాలుగు దినాల ఎక్కాలు మిగిలేవి.

“మరి మీలో మీరు ఎలా గుర్తు పట్టుకుంటారు?” అడిగింది.

గొంతు ఈరమ్మ వేలు పెట్టి చూపించుకుంటూ పోయింది. “పొట్టి ఈరన్న. మిద్దింటి ఈరన్న. గొర్రెల ఈరన్న. నవ్వుల ఈరమ్మ...” పిలిచినోళ్ళు పిలిచినట్టు లేచినారు. మేడమ్ నా అందమైన పట్టీ పక్కన పారేసి, తన కాగితం మీద వరసగా రాసుకుంది. చివరకు అడిగింది.

“మీ అయ్యవారి పేరు కూడా ఈరన్నేగా? ఆయన్ను ఏమంటారు?”

పిల్లోళ్ళందరూ కిసుక్కున నవ్వినారు. ఈ ప్రశ్నకైనా జవాబు నాకు తెలుసు కదా! వినయంగా తల వంచుకుని నిలబడినాను. ఈరమ్మ పోయి మేడమ్ చెవిలో చెప్పింది. పుట్టి బుద్ధెరిగినంక ఆ పిల్ల మెల్లగా మాట్లాడింది అదొక్కసారే. మేడమ్ పెదాలు బిగబట్టుకుని రాసుకుంది. ‘ఇంగ్లీషు’ అనే మాట పిల్లకు గట్టిగా పలకడం సిగ్గనుకున్నాను!

నెలన్నరకు రిజిస్టరు పోస్టొచ్చింది. కవరు చించుతూనే బడిలో నిలబడి గట్టిగా చదివినాను. ముందుగా ఒకసారి చూసుకుందామన్న బుద్ధి నాకుంటే కదా.

“‘నలభై ఒక్క మంది పిల్లలు కలరని ధ్రువీకరించడమైనది. బడికి సాయము కొనసాగించబడును.’”

కొట్టం కప్పు లేచిపోయేట్టు అరిచినారు పిల్లోళ్ళు. గొంతు ఈరమ్మ పలక నెత్తిన పెట్టుకుని ఎగురుతాంది. నేను చెయ్యెత్తి ఆపి, పట్టిక చదివినాను. పొట్టి ఈరన్న, ప్రెజెంట్. గొర్రెల ఈరన్న, ప్రెజెంట్. నవ్వుల ఈరమ్మ, గొంతు ఈరమ్మ, ప్రెజెంట్, ప్రెజెంట్. చిట్టచివర ఒక వాక్యం.

“‘ఉపాధ్యాయులుగా శ్రీ బడాయి...’”

మళ్ళా చూసినాను. టైపు అక్షరాలు, సీలు, పెద్ద అధికారి సంతకం. ‘శ్రీ బడాయి ఈరన్న గారు కొనసాగవలెను.’

నలభై ఒక్క జతల కళ్ళు నా మీదే. వెనక వరసలోంచి గొంతు ఈరమ్మ అరిచింది.

“పలుకు అయ్యోరా! పలక్కపోతే లెక్కలోకి రావు!”

ఏం చేయమంటారప్పా?

“ప్రెజెంట్,” అన్నాను.