షాజిలీ చేతికి చిక్కిన ముక్కులు

షాజిలీ కుంచె పట్టాడంటే ఊళ్ళో ఎవరి ముక్కుకీ పరువు దక్కదు. ఎంత చక్కటి ముక్కునైనా గోడ మీదికి ఎక్కించేసరికి వంకాయంత చేస్తాడు. బహియ్యా అతన్ని ముప్పై ఏళ్ళుగా తిడుతూనే ఉంది. కారణం ఆమె మొగుడి ముక్కే; ఆయన పోయినా తిట్లు ఆగలేదు.

నైలు ఒడ్డున ఆ ఊళ్ళో, హజ్ చేసి వచ్చినవాళ్ళ ఇంటి గోడ మీద కాబా, విమానం, యాత్రికుడి బొమ్మ వేయించుకోవడం రివాజు. వేసేది షాజిలీ ఒక్కడే. విమానం కంటే తన ముక్కే పెద్దగా ఉందేమిటని బహియ్యా మొగుడు పోట్లాటకి వెళ్తే, "విమానం దూరంగా ఉంది హాజీ, ముక్కు దగ్గరగా ఉంది," అని నిచ్చెన దిగకుండానే చెప్పాడు.

మహమ్మారి వచ్చిన ఏడు హజ్ ఆగిపోయింది. షాజిలీ బడి గోడ పట్టాడు. మూతికి గుడ్డ కట్టుకుని ముక్కు బయట పెట్టుకు తిరిగే ప్రతివాడినీ ఉన్నదున్నట్టు, ముక్కు మాత్రం రెండింతలు చేసి, ఆ గోడ మీదికి ఎక్కించాడు. మొదటి బొమ్మ క్షవరాల అబూదైఫ్‌ది. సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలోనే వదిలేసి వచ్చి, చెరిపెయ్యమని గొడవ పెట్టాడతను.

"నువ్వు గుడ్డ పైకి లాగు. నేనూ లాగుతా," అన్నాడు షాజిలీ.

అబూదైఫ్ లాగాడు. షాజిలీ బొమ్మలోనూ లాగాడు. పదిహేను రోజుల్లో గోడ మీద ఒక్క ముక్కు మిగల్లేదు, వీధిలోనూ మిగల్లేదు. పక్క ఊళ్ళవాళ్ళు చూడ్డానికొస్తే జనం ఎవరి బొమ్మ వాళ్ళు చూపించుకుని ఛాతీ విరుచుకున్నారు.

పదకొండేళ్ళు పేరు వేయగా వేయగా, హజ్ లాటరీలో బహియ్యా పేరు వచ్చింది ఆ ఏడే. వెళ్ళేవాళ్ళు ముందుగా గడపగడపకీ తిరిగి, అందర్నీ కావలించుకుని, మన్నింపు అడగాలి. ప్రయాణం లేకపోయినా అది మానేది లేదంది. "వచ్చే ఏటికి నేనుంటానో లేదో. నలభై ఇళ్ళ ఉసురు మెడకేసుకుని పోనా?" అని కొడుకు నోరు మూయించింది. ఆమెకి ఆయాసం. ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు దగ్గుతున్నారు. మన్నింపు అడగ వచ్చిన మనిషి ముఖాన తలుపు వేసేవాడు ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. శుక్రవారం పొద్దున్నే బయల్దేరతానంది.

బుధవారం నుంచి ఆమె ఇంటి ముందు నిచ్చెన చప్పుడు. తన ముక్కు పని పడుతున్నాడనుకుని, కోపంతో బహియ్యా రెండు రోజులు బయటికి తొంగి కూడా చూడలేదు.

శుక్రవారం తలుపు తీసి గోడ చూసింది. నలభై గడపలు. ప్రతి గడపలో ఆ ఇంటివాళ్ళు, గుండెల మీద చెయ్యి పెట్టుకుని. పైన 'మన్నించాను' అని ఎవరి చేతిరాత వాళ్ళది, రాయడం రానివాళ్ళది అరచేతి ముద్ర. షాజిలీ ఒక్కొక్కరినే పిలిచి, ఎడంగా నిలబడి రాయించాడట. నడుమ కాబాకి మాత్రం చోటు ఖాళీగా ఉంచాడు.

చిట్టచివర ఎదురింటి వదీదా. తొమ్మిదేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. వదీదా ఇలా రాసింది: 'అన్నీ మన్నించాను, బాతు సంగతి తప్ప.'

బహియ్యా వెనక్కి నడిచి తన గడపలో నిలబడింది. ముసుగు ముక్కు మీదికి లాక్కుంది.

"వదీదా, నీ బాతుని కోసుకు తిన్నది నేనేనే. మన్నించు."

"నాకు తెలీదా ఏంటే?" అంది వదీదా తన గడపలోంచి. "నీ నోటితో చెప్తావనే ఇన్నాళ్ళూ కూర్చున్నా."

వదీదా వచ్చి, నిచ్చెన కింద ఉన్న కుంచె తీసుకుని చివరి మాటలు కొట్టేసింది. బహియ్యా గడప దాటలేదు.

"గోడ ఖరాబు చెయ్యకమ్మా," అన్నాడు షాజిలీ నిచ్చెన పైనుంచి.

ఇద్దరూ కలిసి అతన్ని తిట్టారు. తొమ్మిదేళ్ళలో వాళ్ళిద్దరూ ఒకే మాట మీదికి రావడం అదే మొదలు.