ఖాలా వద్దన్న వీధి

"అమ్మీ పోయిందే. సాయంత్రం నమాజయినాక తీసుకుపోతారు. వస్తావా?" అని మొన్న ఉదయం నా స్నేహితురాలు ఫోన్ చేసింది. సూళ్లూరుపేటలో బస్సెక్కి చిత్తూరు చేరేదాకా వాళ్లమ్మ నన్ను తిప్పిన వీధులే కళ్ల ముందు కదిలాయి.

చుట్టుపక్కల పిల్లలంతా ఆమెను ఖాలా అనేవారు, మనం పిన్నీ అన్నట్టు. నాకూ అదే అలవాటైంది. కొన్నేళ్ల కిందట వేసవి సెలవులకు వాళ్లింటికి వెళ్లాను. స్నేహితురాలు ఉద్యోగానికి వెళ్తే సాయంత్రందాకా రాదు. పాత బజారు చూసొస్తానని చెప్పులు వేసుకుంటుంటే ఖాలా వంటింట్లోంచి వచ్చింది.

"ఈడ సూసేదానికి ఏముండాది బేటీ? కావాలంటే కాణిపాకం పో."

"మీ వీధులే చూస్తాను ఖాలా."

నన్ను వింతగా చూసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. "అయితే ఉండు, నేనూ వస్తా."

మసీదు వెనక సందులో రేకు పెట్టెలు చేసేవాళ్ల సుత్తి చప్పుళ్లకు మా మాటలు మాకే వినపడలేదు. అది దాటితే పూలంగళ్లు. మూరలు కొలిచే ఆడవాళ్లు మాతో తెలుగులో బేరమాడి, తమలో తాము అరవంలో నవ్వుకున్నారు. ఖాలాకు అరవం వచ్చని వాళ్లకు తెలియదు. ఆమె అరవంలోనే ఏదో ఒక మాట విసిరితే నాలుక కరుచుకుని, నాకు ఉత్తినే ఒక మూర మల్లెలిచ్చారు. ఇంకొంచెం ముందు ఒక పాత మిద్దె, అరుగు మీద నగిషీ చెక్కిన స్తంభాలు. ఫోన్ బయటికి తీశాను. ఖాలా నా చెయ్యి కిందికి దించింది.

"ఫోటో తర్వాత తీస్కో. ముందు ఇంట్లోవాళ్లను పలకరించు."

పలకరించాం. లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చారు. ఆ కబుర్లలో పడి ఫోటో సంగతి నేనే మరిచిపోయాను.

బయటికొచ్చేసరికి చర్చి గంట మోగుతోంది. ఆ వైపు ఒక ఇరుకు వీధి కనిపించింది.

"అటు ఏముంది ఖాలా?"

"ఏమీ లేదు. ఇట్ల రా."

అంతదాకా ప్రతి గడపనూ పరిచయం చేసిన మనిషి అంత పొడిగా అనేసరికి కుతూహలం ఆగక అటే నడిచాను. కాసేపటికి వెనక ఆమె చెప్పుల చప్పుడు వినిపించింది.

ఒక ఇంటి మెట్టు మీద ముసలావిడ మునగాకు దూస్తోంది. మెడలో సన్నటి సిలువ గొలుసు. ఖాలా ఆగిపోయింది.

"ఎవురూ?" అంది ఆవిడ కళ్లు చికిలించి.

"నేనే."

ఆవిడ చేతిలో రెమ్మ అలాగే ఉండిపోయింది. "నువ్వా! ఇంత ముసిల్దానివి అయిపోయినావేందే?"

"నువ్వు పడుచుదానివి మరి!"

ఇద్దరూ నవ్వలేదు. ఖాలా పక్కన కూర్చుని తనూ ఒక రెమ్మ అందుకుంది. ఇద్దరి మధ్య దూసిన ఆకు కుప్ప పెరిగింది.

"టీ తాగుతావా?" అంది ఆవిడ చివరికి.

"చక్కెర తక్కువెయ్యి. షుగరొచ్చింది."

"నాకూ వచ్చిందిలే."

అప్పుడు నవ్వారు.

చిన్నప్పుడు ఇద్దరూ ఒకే మిషను మీద కుట్టుపని నేర్చుకున్నారట. ఖాలా కొడుకు పెళ్లికి పిలుపు అందలేదని ఆవిడ అలిగింది. వచ్చి అడగొచ్చు కదా అని ఖాలా అలిగింది. అలాగే ఏళ్లు గడిచిపోయాయి.

"పక్క వీధే బేటీ," అంది ఖాలా తిరిగొస్తూ. "మోకాళ్ల నొప్పులు, పోలేనని అందరికీ చెప్పుకున్నా. నొప్పి మోకాళ్లలో కాదు."

ఆ తర్వాత సాయంత్రాలు నేను ఎప్పుడు ఫోన్ చేసినా, "అమ్మీ ఇంట్లో యాడుంటుంది? ఆ వీధిలోనే" అనేది స్నేహితురాలు. ఇప్పుడు ఏ కొత్త ఊరికి వెళ్లినా నా ఫోన్ సంచిలోనే ఉంటుంది. ముందు ఎవరినో ఒకరిని పలకరిస్తాను. ఖాలా నాకిచ్చింది అదే.

మొన్న నేను చేరేసరికి మగవాళ్లు జనాజా పాడెను భుజానికెత్తుకున్నారు. ఆడవాళ్లు గడప దగ్గర ఆగిపోయారు. చర్చి వీధి ముసలావిడ మాత్రం తలమీద కొంగు కప్పుకుని, గోడ పట్టుకుంటూ మలుపుదాకా నడిచి, రోడ్డు మధ్యలో నిలబడింది. ఆఖరి మనిషి కూడా మలుపు తిరిగాడు. ఆగిన బళ్లు కదిలాయి. ఆవిడ కదల్లేదు. ఎవరూ హారన్ కొట్టలేదు. ఆవిడను తప్పించుకుంటూ ఒక్కొక్కటిగా, అటూ ఇటూ నెమ్మదిగా సాగిపోయాయి.