వానోళ్ళు, బొక్కలోళ్ళు, మా శంకరన్న సార్

నిన్న సిరిసిల్ల నుంచి తెప్పించిన నల్ల బట్ట కట్ట విప్పగానే గదంతా మగ్గం నూనె, కొత్త రంగు కలిసిన వాసన నిండింది. హైదరాబాద్‌లో మా సంగీత బృందం ఇవ్వబోయే ప్రదర్శనకు చొక్కాలు కుట్టించాలని తెప్పించాను. ఆ బట్టను ముక్కుకు ఆనించుకుని నాలో నేనే నవ్వుకున్నాను. కోరుట్లలో పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసే షాపు, అందులో ఎండాకాలం కూడా నల్ల చొక్కా, నల్ల ప్యాంటుతో కూర్చునే శంకరన్న సార్ కళ్ళ ముందు మెదిలారు.

డిగ్రీ అయ్యాక నేను పనికి కుదిరింది ఆ షాపులోనే. మొదటి రోజు ఆ బట్టలు చూసి, అయ్యప్ప మాల వేసుకున్నారనుకుని "నమస్తే స్వామీ" అన్నాను. మధ్యాహ్నం ఆయన డబ్బా మూత తీస్తే బోటి కూర ఘుమఘుమలాడింది. నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

"స్వామీ, మాల మీద ఉండి గిదేంది?"

"ఏ మాల బిడ్డా? నా మెడల ఏమన్న ఉన్నదా?" అని పకపకా నవ్వారు. "గా చాయి హోటలాయన సుత గిట్లనే అనుకుంటడు. నాకు గ్లాసు వేరేగ కడిగి ఇస్తడు. మంచి చాయి అస్తుంటె ఎందుకు వద్దనాలె?"

ఆ నలుపు వెనక ఒక సంగీతం ఉంది. ఆయన సిరిసిల్లలో నేత పని చేసే ఇంట్లో పుట్టి, షార్జాలో చాలా ఏళ్ళు కష్టపడి వచ్చిన మనిషి. అక్కడ ఒకే గదిలో ఉన్న ఫిలిప్పీన్స్ అతను ఇచ్చిన క్యాసెట్లతో ఆయనకు గోత్ రాక్, డెత్‌రాక్ పిచ్చి పట్టింది. రెండూ చావు గురించీ, చీకటి గురించీ పాడేవే. ఇంచుమించు ఒకే కాలంలో ఒకటి ఇంగ్లండులో, ఇంకొకటి కాలిఫోర్నియాలో పుట్టాయి. బృందాల పేర్లు ఆయన నోరు తిరగక కాదు, ఇష్టం లేక పలికేవారు కాదు. ఎప్పుడూ వాన కురిసే ఇంగ్లండు వాళ్ళు వానోళ్ళు, బొక్కలు అంటే ఎముకల బొమ్మలు వేసుకునే కాలిఫోర్నియా వాళ్ళు బొక్కలోళ్ళు. నాకూ అవే పేర్లు మిగిలాయి.

పొద్దున షాపు తెరిచి, అగరుబత్తి వెలిగించి, వానోళ్ళ పాట ఒకటి, బొక్కలోళ్ళ పాట ఒకటి పెట్టేవారు. వానోళ్ళ పాటలో బేస్ గిటార్ ముందు నడిచేది. మామూలు గిటార్ బావిలోంచి వచ్చినట్టు దూరంగా మోగేది. గొంతు లోతుగా, తొందర లేకుండా ఉండేది. బొక్కలోళ్ళకు ఎక్కడలేని తొందర. ముఖానికి తెల్లగా పూసుకుని, దయ్యాల సినిమాల్లోలాగా భయపెడుతూనే నవ్వించే రకం. ఏది గొప్ప అని నేను అడిగితే ఆయనకు కోపం వచ్చేది.

"గది అడుగకు. ఎవలు దేనికి భయపడుతున్నరో గది ఇను" అనేవారు.

ఒకసారి ఒక పెళ్ళికూతురు అప్పగింతల వీడియో కింద వానోళ్ళ బేస్ పెట్టేశారు. గొడవవుతుందని నేను హడలి చస్తుంటే, ఆ పిల్ల తల్లి వచ్చి "ఏడుపు మస్తు మంచిగచ్చింది సారూ" అని ఇంకో కాపీ అడిగి తీసుకెళ్ళింది.

బట్ట కోసం ఒకసారి నన్ను సిరిసిల్ల తీసుకెళ్ళారు. టకటకా మోగే మరమగ్గాల షెడ్డులో నిలబెట్టి, చెవి దగ్గరికి వంగి అరిచారు. "వానోళ్ళ డ్రమ్ము మిషిను గిట్లనే ఉంటదా లేదా? షార్జాల మొదటిసారి ఇన్నప్పుడు మా షెడ్డే యాదికచ్చింది. పొర్లి పొర్లి ఏడ్చిన బిడ్డా." ఆ మాట విన్నాక ఆయన మీద ప్రేమ పుట్టింది నాకు.

నా సంగతి ఆయనకు తెలిసింది నా వేళ్ళ వల్ల. పాట వస్తుంటే బల్ల మీద దరువు వేసేదాన్ని. ఎవరు నేర్పారని అడిగారు. రాయికల్‌లో మా బాపు చావులకు డప్పు కొడతాడని, చూసి నేర్చుకున్నానని, నాకు కొట్టాలని ప్రాణం కొట్టుకుంటుందని, బాపు మాత్రం డప్పు ముట్టనివ్వడని చెప్పాను. ఆ ఆదివారమే సార్ మా ఇంటికి బండి మీద వచ్చారు.

బాపు కంగారుగా కొత్త చాప పరిచి, చేతులు జోడించి "స్వామి శరణం" అన్నాడు.

"స్వామిని గాను అన్నా. నిన్ననే బోటి తిన్న."

"మరి ముందుగాల చెప్పవేంది? తునకల కూరున్నది, తిని పో!"

తిన్నాక సార్ నా సంగతి ఎత్తారు. బాపు ముఖం మాడిపోయింది. "నేను కొట్టింది బిడ్డ కొట్టొద్దనే గద సారూ సదివిచ్చిన" అన్నాడు. సార్ వాదించలేదు. ఫోన్ తీసి, పేర్లు చెప్పి వానోళ్ళ పాట ఒకటి, బొక్కలోళ్ళ పాట ఒకటి వినిపించారు. బాపు కళ్ళు మూసుకుని విన్నాడు. మొదటిదాని మీద అన్నాడు, "వీళ్ళు దింపుడుకల్లం కాడ ఆగిండ్రు సారూ. పాడె దించి, పోయినోని చెవుల ఇంకా పేరు పెట్టి పిలుస్తున్నరు. లేస్తడేమోనని." రెండోది విని చిన్నగా నవ్వాడు. "వీళ్ళకు ఎరుకైంది, ఇగ లేవడని. అందుకే ఎగురుతున్నరు. కని డప్పు మంటకు కాగపెట్టలే, మోత పచ్చిగున్నది."

సార్ లేచి బాపును గట్టిగా పట్టుకున్నారు. సముద్రాల అవతలి మనుషులు తను చేసే పనే చేస్తున్నారని బాపుకు అప్పుడు తెలిసింది. గోడకున్న డప్పు తీసి నా చేతిలో పెట్టాడు. "గడ్డి అంటుపెట్టి కాగపెట్టు బిడ్డా. పచ్చి డప్పు కొడితే నా ఇజ్జత్ పోతది."

పోయినేడు శంకరన్న సార్ పోయారు. ఆయన కోరినట్టే నల్ల చొక్కా వేశారు. దారిలో ఎవరో "ఏ స్వామి పోయిండు?" అని అడిగితే, బాపు డప్పు ఆపకుండానే "స్వామి కాదు, మా సారు" అన్నాడు. నేను బాపు పక్కన వానోళ్ళ దరువే మెల్లగా కొడుతూ నడిచాను. దింపుడుకల్లం దగ్గర పాడె దించారు. డప్పులు ఆగాయి. చెవిలో పేరు పెట్టి పిలిచారు. నేను కూడా లోపల పిలిచాను, సిగ్గు లేకుండా, నిజంగానే లేస్తారేమోనని. ఆయన లేవలేదు. నా చేతులు కదల్లేదు. బాపు నా వైపు తిరిగాడు.

"ఇగ బొక్కలోళ్ళది కొట్టు బిడ్డా" అన్నాడు.

కొట్టాను. ఇప్పటికీ ప్రతి ప్రదర్శనలో ఆ రెండు దరువుల మధ్య ఒక్క క్షణం ఆగుతాను. అలసిపోయి ఆగానని జనం అనుకుంటారు. నేను సార్‌ను పిలుస్తున్నాను.