నా పెళ్లిచూపుల్లో నేను చేసిన వైద్యపరీక్ష

మా అమ్మ ఇప్పటికీ తలుచుకుని తల పట్టుకునే ఘోరం ఒకటుంది. అది నేను మా ఇంటి హాల్లో, పట్టుచీర కట్టుకుని, పట్టపగలు చేశాను.

అప్పటికి నేను ఒళ్లు వణికే, బిగుసుకుపోయే నరాల జబ్బుల చదువు ముగించి తిరుపతికొచ్చి కొన్నాళ్లే. ఆ చదువుతో ఒక తెగులు అంటుకుంటుంది. మనిషి ఎదురైతే మొహం చూడం, నడక చూస్తాం. బస్టాండులో కూడా ఎవరి చెయ్యి ఎంత ఊగుతోందా అనే నా ధ్యాస.

నగరి నుంచి సంబంధం వచ్చింది, మగ్గాలున్న కుటుంబం. అబ్బాయి చూడగానే నచ్చాడు, అబద్ధమెందుకు? మా అమ్మయితే మనసులో తాంబూలాలు కూడా పుచ్చేసుకుంది.

కాఫీలయ్యాక అబ్బాయి తల్లి ఆనవాయితీగా అడిగింది.

"అట్ల నాలుగడుగులు నడువు పాపా, సూస్తాం."

పిల్ల కుంటుతుందేమోనని ఆ పరీక్ష. నడిచాను. అక్కడితో కూర్చుంటే పెళ్లయిపోయేది. కానీ అబ్బాయి నాయన లోపలికొచ్చేటప్పుడే ఆయన కుడిచెయ్యి ఊగకపోవడం నా కంట్లో పడింది. మొహాన నవ్వూ లేదు, బొబ్బట్టు పెట్టినా లేదు.

"ఇప్పుడు మీరు నడవండి మామా," అన్నాను.

పాపం, లేచి నడిచాడు. అంతటితో ఆగానా? వేళ్లు ఆడించమన్నాను, మణికట్టు పట్టుకుని తిప్పి చూశాను. వెనకనుంచి అమ్మ నా జడ లాగుతూనే ఉంది. నరాల జబ్బుందని, తొందరగా వైద్యం చేయించాలని చెప్పేశాను.

అబ్బాయి తల్లి లేచి నిలబడింది. "మా ఆయనకేం? రాయి మాదిరి ఉండాడు."

"రాయి మాదిరి ఉండడమే ఈ జబ్బు అత్తా."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి ఊరి సంగతేమో గానీ, వచ్చిన కారు మాత్రం వెంటనే వెళ్లిపోయింది. ఆ రాత్రి దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను. అబ్బాయి నిజంగా నచ్చాడు మరి.

నెల తిరక్కముందే ఆస్పత్రిలో నా గది ముందు అబ్బాయి తల్లే, పక్కన ఆయన. సొక్కాయ గుండీలు పెట్టుకోలేకపోతున్న సంగతి ఆయన ఇంట్లో దాచాడట. మాత్రలు మొదలుపెట్టాను. కొన్ని వారాలకు ఆయన గుండీలు ఆయనే పెట్టుకుని, చెయ్యి ఊపుకుంటూ, నవ్వుతూ వచ్చాడు. తలుపేసుకుని ఒక్కదాన్నే గంతులేశాను.

ఆ ఆదివారం ఆయన మా ఇంటికొచ్చాడు.

"మా ఇంట్లో ఇందరుండాము, నన్ను సరిగ్గా సూసింది నువ్వే పాపా. మావాన్ని చేసుకో," అన్నాడు.

మా పెళ్లిపందిట్లో అటువైపు బంధువులు అక్షింతల కన్నా ముందు చేతులు చాపారు, ఒకరిది వణుకు, ఒకరిది తిమ్మిరి. తలంబ్రాల లోపే ముగ్గురికి మందులు చెప్పాను.

అయినా తప్పు తప్పే. ఇకమీదట నా పెళ్లిచూపుల్లో ఎవరినీ పరీక్ష చేయనని ఏడుకొండలవాడి మీద ఒట్టు. ఈ ఒట్టు నేను తప్పకుండా చూసే బాధ్యత మా ఆయన తీసుకున్నాడు.