సీజన్ కాని రోజుల్లో తమ్ముడికి అతిథినై

పాపికొండలకి కార్తీకంలో వెళ్లాలని అందరూ అంటారు. నేను దసరా వెళ్లాక, దీపావళి ఇంకా రాకముందు వెళ్లాను. గోదారికి వరద ఎరుపు వదల్లేదు, లాంచీలు తిరగడం లేదు. కొండలు చూడాలన్న సరదా నాకేమీ లేదు. ఆ అడవి అంచున, మారేడుమిల్లి దాటాక, పర్యాటకుల గదులు చూసుకుంటూ మా తమ్ముడు సత్తిబాబు ఉంటున్నాడు. నాలుగేళ్లుగా మా ఇద్దరికీ మాటల్లేవు. జనం ఉన్న రోజుల్లో అయితే పని పేరు చెప్పి తప్పించుకుంటాడు. అందుకని ఎవరూ రాని వారం చూసుకున్నాను.

తప్పు నాది. ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. రావులపాలెం దగ్గర మా ఊళ్లో మా చేలు రెండూ పక్కపక్కనే, ఒకే పిల్లకాలువ బోదె కింద. దాళ్వాలో, అంటే రెండో పంటకి, కాలువ నీళ్లు చాలవు కాబట్టి వంతులు వేస్తారు. ఎవరి వంతు రోజున బోదె నీళ్లు వాళ్లవే. ఆ ఏడాది సరిగ్గా తన వంతు రోజుకి సత్తిబాబు జ్వరంతో మంచం ఎక్కాడు. "అన్నయ్యా, నా చేనుకి కాస్త నువ్వు నీళ్లు పెట్టు" అని కబురు చేశాడు. వెళ్లాను. వెళ్లి నీళ్లు నా చేలోకి తిప్పుకున్నాను. నాది పొట్ట మీద ఉంది, నేల బీటలు తీస్తోంది. వాడి పంట తాలైపోయింది. పెద్దమనుషుల ముందు అడిగితే, నీళ్లు వాడికే పెట్టాననీ, గట్టుకి ఎలకలు బొరియలు చేయడంతో పోయాయనీ చెప్పాను. వాడు ఒక్క మాట అనలేదు. చేను కౌలుకిచ్చి కొండెక్కేశాడు. ఇప్పుడా కౌలు రైతు ఈ సార్వా పంటతో మానేస్తానంటున్నాడు. ఆ కబురు సాకుగా పెట్టుకుని, నిజం ఒప్పుకుని, వాడిని ఇంటికి తీసుకురావాలని బయల్దేరాను.

ఉదయం 5:45కి రావులపాలెంలో బస్సెక్కితే ఏడు లోపే రాజమండ్రి. బస్సు కాంప్లెక్సు బయట నాలుగు ఇడ్లీలు, ఒక టీ. 7:30కి మారేడుమిల్లి బస్సు. సగం సీట్లు ఖాళీ. గోకవరంలో ఎండుచేపల గంపతో ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. ఉప్పాడ నుంచి వస్తోందట, రంపచోడవరం సంతకి.

"వాసనకేమీ అనుకోకండి" అంది. తర్వాత, "ఈ రోజుల్లో కొండకేంటండి? ఒక్కరేనాండి?"

"మా తమ్ముడున్నాడమ్మా అక్కడ."

"తమ్ముడి దగ్గరికెళ్తా మొహం అలా పెట్టేరేంటండి!"

కిటికీ వైపు తిరిగాను. రంపచోడవరంలో ఆవిడ దిగిపోయాక నా పక్క సీటు ఖాళీ అయింది. చేపల వాసనే కాసేపు తోడుంది. అక్కడి నుంచి ఫోన్లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. వెళ్లేవాళ్లు ఇంటికి చేయాల్సిన ఫోన్లు అక్కడే చేసేసుకోండి. రోడ్డుకి రెండువైపులా టేకు, వెదురు, వానకి కడిగినట్టున్న ఆకుపచ్చ. పదకొండుకి మారేడుమిల్లిలో దిగాను. బొంగు చికెన్ పాకల్లో పొయ్యిలు వెలగలేదు. ఒక్కడి కోసం బొంగు ఎవరు కాలుస్తారు?

అక్కడి నుంచి ఆటోలో అరగంట. ఎనిమిది గదులు, వెదురు తడికల వరండా, ముందు చిన్న వాగు. మెట్ల మీద చీపురు పట్టుకుని సత్తిబాబు. జుట్టు సగం తెల్లబడింది. నన్ను చూసి చీపురు గోడకి ఆనించాడు. లోపలికి వెళ్లి రిజిస్టరు తెరిచాడు.

"పేరు చెప్పండి."

చెప్పాను.

"ఆధార్ కార్డు ఇవ్వండి."

ఇచ్చాను. అందులో ఉన్న తండ్రి పేరు వాడి కార్డులోనూ ఉంటుంది. వాడు ఆ పేరుని అక్షరం అక్షరం చూసి రాసుకుని, "మూడో నంబరు గదండి. వేడినీళ్లు ఆరింటికి ఇస్తామండి. అడవిలోకి ఒక్కరే వెళ్లకండి" అన్నాడు. పుట్టినప్పటి నుంచి వాడు నన్ను నువ్వు అనే పిలిచాడు. తిట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

ఆ మధ్యాహ్నమంతా వరండాలో కూర్చున్నాను. ఎదురుగా కొండలు ఒకదాని వెనక ఒకటి. మబ్బు దిగితే రెండు మాయమవుతాయి, లేస్తే మళ్లీ కనిపిస్తాయి. ఏడు గదులకి తాళాలు. ఆ చివర వంటపాకలో వాడు, ఈ చివర నేను. మా ఇంట్లో అయితే ఈ దూరం ఒక కేక. రాత్రి భోజనానికి వంకాయ కూర, పప్పుచారు పెట్టాడు. అచ్చం మా అమ్మ చేసినట్టే వండాడు. ధైర్యం చేసి, "సత్తీ, కౌలు రైతు మానేస్తున్నాడు" అన్నాను.

"అలాగాండి. పెరుగు వేసుకుంటారాండి?"

పెరుగు వేయించుకున్నాను. చెప్పాలనుకున్న మాట అసలు మొదలే కాలేదు.

మర్నాడు ఏడింటికి ఉప్మా తిన్నాను. వాడి మర్యాద ముందు కూర్చోలేక, వద్దన్న పనే చేశాను. వాగు వెంబడి దిగువకి నడిచాను. నీటి గట్టు పట్టుకుని నడిచినవాడు తప్పిపోవడం మా వైపు ఎరగం. కాలువ వెంట ఎంత దూరం పోయినా ఏదో ఒక ఊరు తగులుతుంది. ఇక్కడ మాత్రం గంటన్నర నడిచినా మనిషి జాడ లేదు. వాగు రాళ్ల మధ్య లోతుగా దూకే చోట ఆగి వెనక్కి తిరిగాను. భయమేమీ లేదు, నీటికి ఎదురు నడిస్తే వచ్చిన చోటికే చేరతాను కదా అనుకున్నాను.

పొరపాటు అక్కడ చేశాను. మా కాలువలు దిగువకి పోయేకొద్దీ చీలతాయి. ఏ బోదె పట్టుకుని ఎగువకి వెళ్లినా పెద్ద కాలువ ఒక్కటే వస్తుంది, తికమక ఉండదు. కొండల్లో ఇది తలకిందులు. ఎగువకి నడిచేకొద్దీ పాయలు రెండవుతాయి, మళ్లీ ఒకటి రెండవుతుంది. వచ్చేటప్పుడు పక్క నుంచి కలిసిన పాయల్ని నేను చూడనే లేదు. యాభై ఏళ్లు నీళ్లతో బతికినవాడిని, ఏ నీళ్లు ఎటు నుంచి వచ్చాయో తెలియక నిలబడిపోయాను. ఒక పాయ పట్టుకున్నాను, అది పొదల్లో ఊటగా ఆగిపోయింది. ఇంకోటి పట్టుకున్నాను. పదకొండున్నరకి ఒక బండ మీద కూలబడ్డాను. సిగ్నల్ లేదు. ఒక పిట్ట కూసి మానేసింది. ఇక్కడ నాకేమైనా అయితే, వాడి పంట ఎండబెట్టింది నేనేనన్న మాట నాతోనే పోతుందనిపించింది. అప్పుడు భయం వేసింది. లేచి నోరారా "సత్తీ!" అని అరిచాను. ఎన్నిసార్లు అరిచానో తెలియదు.

"అన్నయ్యా! అక్కడే ఉండు, కదలకు!"

ఎక్కడో పైనుంచి. తర్వాత కొమ్మలు విరిగిన చప్పుడు, కత్తి పట్టుకుని సత్తిబాబు. వాడి చొక్కా అంతా తడిసిపోయింది. నా పక్కన బండ మీద కూర్చుని నీళ్ల సీసా ఇచ్చాడు.

"నేనూ వచ్చిన కొత్తలో ఇలాగే తప్పిపోయా" అన్నాడు. "మన ఊరోళ్లం కదా, గట్టు పట్టుకు పోతాం."

సీసా మూత పెడుతూ చెప్పేశాను. "ఎలకలు కాదురా. నీ నీళ్లు నేనే తిప్పుకున్నా."

వాడు వాగు వైపే చూశాడు. "తెలుసు. ఆ సాయంత్రం జ్వరంతోనే చేనుకొచ్చా. నీళ్లు మళ్లించే మడవ ఎటు తెరిచుందో చూశా."

"మరి పెద్దమనుషుల ముందు అనలేదేంట్రా?"

"నువ్వంటావని చూశాను అన్నయ్యా."

నేను ఏడ్చాను. వాడు నా వీపు మీద చెయ్యి వేశాడు గానీ ఏడవద్దని అనలేదు. లేపి, ముందు నడుస్తూ, ఏ పాయ దగ్గర ఎటు తిరగాలో చూపిస్తూ తీసుకొచ్చాడు. నేను పోగొట్టుకున్న దారి ముప్పావు గంటే.

అన్నం తిన్నాక రోడ్డు దాకా వచ్చాడు. 2:40 బస్సు కోసం ఇద్దరం కల్వర్టు గోడ మీద కూర్చున్నాం.

"ఇంటికి రారా" అన్నాను.

"రాను. కోపంతో కాదు. అక్కడ పడుకుంటే నా వంతు ఎవరు తిప్పుకుపోతారో అని నిద్ర పట్టదు. ఇక్కడ పడుతోంది."

మలుపులో బస్సు కనిపించింది. వాడు నా సంచి అందించి, "చేను ఇంకెవరికీ కౌలుకివ్వకు. నువ్వే చేసుకో. నా వంతు నీళ్లు కూడా నువ్వే పెట్టుకో" అన్నాడు.

బస్సు కదిలాక వెనక్కి చూస్తే, అప్పటికే వెనుతిరిగి నడుస్తున్నాడు. రంపచోడవరం దాకా కిటికీకి మొహం ఆనించుకుని కూర్చున్నాను. గోకవరం దాటాక నేల చదునైంది, ఈనిన చేలు మొదలయ్యాయి. రాజమండ్రిలో బస్సు మారి ఎనిమిదింటికి రావులపాలెంలో దిగాను.

సీజన్ కాని రోజుల్లో ఆ కొండలు నిజంగా బాగుంటాయి. రద్దీ ఉండదు, గదులు దొరుకుతాయి, అడవి చెప్పేది వినపడుతుంది. వెళ్లండి. నా మటుకు నేను తమ్ముడిని తెస్తానని వెళ్లి ఒక్కణ్ణే తిరిగొచ్చాను. డిసెంబరులో దాళ్వాకి వంతులు వేస్తారు. మా పేర్లు ఒకదాని కింద ఒకటి రాస్తారు. ఈసారి ఆ రెండు వంతుల నీళ్లూ నావే, అడిగేవాడు లేడు. ఒకప్పుడు దొంగతనంగా తిప్పుకున్న నీళ్లని, ఇప్పుడు హక్కుగా తిప్పుకోవడానికి చేతులు రావడం లేదు.